బోన్సాయ్‌కి కుండీ ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి: పాలమూరు, నల్లగొండ ఎండల్లో కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం

నా మొదటి బోన్సాయ్ ఒక ఫైకస్, అంటే మర్రి, రావి, జువ్విల జాతి చెట్టు. దాన్ని చంపింది నేనే. ఏప్రిల్ నెలాఖరు, పిల్లలకు సెలవులు, నాకూ కాస్త తీరిక. వీడియోలో ఒకాయన వసంతంలో కుండీ మార్చాలని చెప్పాడు. ఉగాది వెళ్లి నెల కూడా కాలేదు, ఇంతకన్నా వసంతం ఏముంటుంది అనుకున్నాను. వేర్లు కడిగి, కత్తిరించి, కొత్త మట్టిలో పెట్టి, నీళ్లు పోసి డాబా మీద పాత చోటే పెట్టేశాను. నాలుగో రోజు ఆకులు వేలాడాయి, పదో రోజుకు రాలిపోయాయి. కొమ్మ వంచితే పుల్లలా టప్పుమని విరిగింది.

తప్పు వీడియో ఆయనది కాదు. ఆయన ఊళ్లో వసంతమంటే పొద్దున మంచు, మధ్యాహ్నం లేత ఎండ. మన నల్లగొండలో ఏప్రిల్ నెలాఖరంటే 42 డిగ్రీలు, కింద కాలే స్లాబు, పక్క నుంచి వడగాలి. వేర్లు సగం పోయిన చెట్టు ఆ ఎండకు తగ్గ నీళ్లు ఎక్కడి నుంచి తాగుతుంది? కాబట్టి కత్తెర పట్టుకునే ముందు క్యాలెండర్ చూడాలి. అదీ మన క్యాలెండర్, కార్తెలున్నది.

అసలు కుండీ ఎందుకు మార్చాలి

కుండీ మార్చడమంటే పెద్ద కుండీలోకి మార్చడం అనుకుంటారు చాలామంది. బోన్సాయ్‌లో ఎక్కువసార్లు చెట్టు మళ్లీ అదే కుండీలోకి వెళ్తుంది. మారేది మట్టి, తగ్గేది వేర్లు.

బోన్సాయ్ కుండీ లోతు లేని చిన్న పళ్లెంలా ఉంటుంది, అందులో వేర్లకు పోవడానికి చోటుండదు. గోడ దాకా పోయి, అక్కడి నుంచి గుండ్రంగా తిరుగుతాయి. రెండేళ్లకు కుండీలో మట్టి కన్నా వేర్లే ఎక్కువవుతాయి. మిగిలిన మట్టి కూడా నలిగి పొడైపోతుంది, గింజకూ గింజకూ మధ్య సందు పోతుంది. వేరుకు నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. సందు లేని మట్టిలో పైన నీళ్లు నిలబడతాయి, లోపల వేరు ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ముదురు వేర్లను తగ్గించి కొత్త మట్టి ఇస్తే, కోసిన చోటు నుంచి సన్నటి పిల్లవేర్లు గుత్తులుగా వస్తాయి. నీళ్లు తాగేది ఆ పిల్లవేర్లే. లావు వేరు చెట్టును నిలబెడుతుంది, తిండి నిల్వ చేస్తుంది, అంతే.

వేర్లు కోయడం పాపం అనేవాళ్లు ఇంట్లో ఉంటారు. వాళ్లకు నా జవాబు: కోయకపోతేనే పాపం. వాస్తు చెప్పి బోన్సాయ్ ఇంట్లో వద్దనేవాళ్లూ ఉంటారు. వాస్తు సంగతి నాకు తెలియదు కానీ, ఇంట్లో వద్దన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. ఇవి ఎండ కావాల్సిన చెట్లు, టీవీ పక్కన పెట్టే బొమ్మలు కావు.

చెట్టుకు అవసరమా కాదా ఎలా తెలుస్తుంది

ఏటా మార్చి తీరాలన్న రూలేమీ లేదు. జోరుగా పెరిగే లేత ఫైకస్‌కు ఏడాదిన్నర, రెండేళ్లకోసారి అవసరం పడుతుంది. ముదిరిన, నిదానంగా పెరిగే చెట్టు మూడు నుంచి ఐదేళ్ల దాకా ఆగుతుంది. లెక్క కన్నా చెట్టు చెప్పేది వినడం మేలు.

నీళ్లు పోసినప్పుడు మట్టిలోకి దిగకుండా అర నిమిషం పైనే నిలబడుతున్నాయా? కుండీ కింది రంధ్రంలోంచి వేర్లు బయటికొచ్చాయా? చెట్టు మొదలు కుండీ అంచు కన్నా పైకి లేచినట్టుందా? ఇది వేర్లు కింద గడ్డకట్టి చెట్టును పైకి నెట్టడం. నిరుడు రోజుకు ఒక్కసారి పోస్తే సరిపోయిన చెట్టు ఈ ఏడు రెండుసార్లు పోసినా వాడుతోందా? వీటిలో రెండు కనిపిస్తే అనుమానించండి.

అనుమానం తీరాలంటే ఎత్తి చూడటమే. నీళ్లు పోయకుండా ఒక రోజు ఆపండి. పాత కూరగాయల కత్తిని కుండీ లోపలి గోడ వెంట తిప్పి, మొదలు పట్టుకుని మెల్లగా ఊపుతూ పైకి లేపండి. వేరు ముద్ద కుండీ ఆకారంలోనే, ఇడ్లీ పాత్రలోంచి ఇడ్లీ వచ్చినట్టు వస్తే, చుట్టూ సేమియా ముద్దలా వేర్లు తిరిగి ఉంటే, ఈ సీజన్‌లో మార్చాల్సిందే. మట్టి పొడిగా రాలుతూ వేర్లు అక్కడక్కడే కనిపిస్తే మళ్లీ కిందికి దింపేయండి. ఇంకో ఏడాది దాని జోలికి పోవద్దు.

కొత్తగా కొన్న చెట్టు సంగతి వేరు. దుకాణాల్లో అమ్మే చిన్న ఫైకస్‌లకు పైన గులకరాళ్లు గమ్‌తో అంటించి ఉంటాయి. చూడటానికి బాగుంటుంది, నీళ్లు మాత్రం దిగవు. ఆ రాళ్లను ఇంటికి తెచ్చిన రోజే స్క్రూడ్రైవర్‌తో ఊడదీయండి. కుండీ మార్చడానికి మాత్రం చెట్టు మీ ఇంటి ఎండకు, నీళ్లకు అలవాటు పడేదాకా నెలన్నర ఆగండి.

ఎప్పుడు

మన దగ్గర ఏడాదిలో రెండు మంచి కాలాలున్నాయి.

మొదటిది శివరాత్రి నుంచి ఉగాది లోపు. శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందంటారు కదా, అప్పుడే వేప, రావి, చింత ఆకు రాల్చి చిగురుకు సిద్ధమవుతాయి. ఇలా ఆకు రాల్చే చెట్లకు, మొగ్గ ఉబ్బుతుండగా, చిగురు ఇంకా విప్పకముందే కుండీ మార్చాలి. ఆకులేని చెట్టుకు నీళ్ల ఖర్చు తక్కువ, చిగురు పెట్టే ఊపులో కొత్త వేర్లూ పెట్టుకుంటుంది. అయితే ఆ వెంటనే వేసవి వస్తుంది. గ్రీన్ నెట్ నీడో, పెద్ద చెట్టు నీడో లేనివాళ్లు ఈ కాలాన్ని ఎంచుకోవద్దు.

రెండోది మృగశిర నుంచి జూలై నెలాఖరు దాకా. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. చేపల కూర తిన్న మర్నాడే కత్తెర తీయొద్దు. రెండు మంచి వానలు పడి, గాలిలో తేమ వచ్చి, రాత్రి ఉక్కపోత తగ్గేదాకా ఆగండి. ఫైకస్, మర్రి, జువ్వి, కాగితం పూల చెట్టుకు ఇంతకు మించిన కాలం లేదు. కొత్తవాళ్లు ఎవరడిగినా మొదటి చెట్టుకు ఈ కాలమే చెబుతాను. కోసిన వేరు నాలుగు రోజులు నీళ్లు తాగకపోయినా గాలిలో తేమ చెట్టును కాపాడుతుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నారు. రాయే పగిలే ఎండలో వేరుకు దిక్కెవరు? ఏప్రిల్ మొదటి నుంచి మృగశిర దాకా ఫైకస్ జాతిని ముట్టుకోకండి. డిసెంబరు, జనవరిల్లో కూడా వద్దు. చలికి ఈ చెట్లు నిద్రలో ఉంటాయి, కోసిన చోట వేరు రాక తడి మట్టిలో కుళ్లే ప్రమాదం ఎక్కువ.

మరి మే నెలలో కుండీ పగిలితే? నాకు జరిగింది. కోతుల గుంపు వచ్చి జువ్వి కుండీని పిట్టగోడ మీంచి తోసేసింది. మన ఊళ్లలో డాబా మీద చెట్లు పెంచేవాళ్లకు ఇది కొత్త కథేం కాదు. అప్పుడు వేరును కోయకూడదు, దువ్వకూడదు, పాత మట్టిని దులపకూడదు. వేరు ముద్దను ఉన్నదున్నట్టు కాస్త పెద్ద ప్లాస్టిక్ టబ్బులో పెట్టి, చుట్టూ మట్టి నింపి, నీడలో ఉంచాను. అసలు పని వానలొచ్చాక చేశాను. చెట్టు బతికింది.

మట్టి: ఇక్కడ తొందరపడొద్దు

బోన్సాయ్ పుస్తకాల్లో అకడమా అని జపాన్ మట్టి పేరు కనిపిస్తుంది. గట్టి గింజల్లాంటి బంకమట్టి అది. దిగుమతి సరుకు, ధర ఎక్కువ. దాని కోసం ఆగాల్సిన పని లేదు. మనకు కావాల్సింది దాని గుణం మాత్రమే: గింజ గింజగా ఉండాలి, నీళ్లు పీల్చుకోవాలి, మిగిలినవి వదిలేయాలి.

తోట కుండీల్లో వేసే ఎర్రమట్టి, పశువుల ఎరువు మిశ్రమం బోన్సాయ్ పళ్లెంలో ఎందుకు పనికిరాదో తెలియాలంటే గిన్నెలు తోమే స్పాంజితో చిన్న పరీక్ష చేయండి. స్పాంజిని నీళ్లలో ముంచి, అడ్డంగా పట్టుకోండి. నీళ్లు కారడం ఆగేదాకా చూడండి. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి. మళ్లీ నీళ్లు కారతాయి! స్పాంజి అదే, నీళ్లు పట్టుకునే గుణమూ అదే. ఎత్తు పెరిగింది కాబట్టి కిందికి దిగాయి. లోతైన కుండీ నిలువు స్పాంజి, బోన్సాయ్ పళ్లెం అడ్డ స్పాంజి. లోతు లేని కుండీలో అడుగున తడి ఎప్పుడూ ఎక్కువ సేపు నిలుస్తుంది. అందుకే మట్టి గింజ పెద్దదిగా ఉండాలి. అడుగున కంకర పొర వేస్తే నీళ్లు బాగా పోతాయని చెప్పేవాళ్లున్నారు. పళ్లెం లోతే రెండంగుళాలు, అందులో అర అంగుళం కంకరకిస్తే వేరుకు మిగిలేదెంత? తడి నిలిచే చోటు కంకర పైకి జరుగుతుంది, అంతే. నేను పొర వేయను. పై నుంచి కింది దాకా ఒకే మిశ్రమం.

నా మిశ్రమం పది పాళ్లకు ఇది. ఇటుక లేదా పెంకు ముక్కలు ఐదు పాళ్లు, రాతి చిప్స్ రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్ రెండు పాళ్లు, కట్టెబొగ్గు ముక్కలు ఒక పాలు. అన్నీ జొన్న గింజ నుంచి కంది గింజ దాకా ఉండాలి, అంటే సుమారు 3 నుంచి 6 మిల్లీమీటర్లు. ఎరువు మాత్రం మెత్తగా ఉన్నా ఫరవాలేదు. జేడ్, అడీనియం లాంటి నీళ్లు దాచుకునే మొక్కలకు ఎరువు ఒక పాలుకు తగ్గించి, ఆ పాలు రాతి చిప్స్‌కు కలపండి.

పెంకులు ఎక్కడ దొరుకుతాయంటారా? ఊళ్లో పాత పెంకుటిళ్లు పడగొడుతున్న చోట గూన పెంకులు కుప్పలుగా ఉంటాయి. అడిగితే ఊరికే ఇస్తారు. లేదంటే ఇటుక బట్టీ దగ్గర విరిగిన ముక్కలు. సిమెంటు అంటుకున్న ఇటుక మాత్రం వద్దు, దానిలో సున్నం ఉంటుంది. గోనె సంచిలో వేసి, పైన నీళ్లు చిలకరించి సుత్తితో కొట్టండి. పొడి లేవదు, ముక్క కళ్లలో పడదు. అయినా ముక్కుకు రుమాలు కట్టుకోండి.

ఇటుకలన్నీ పనికిరావు. నాలుగు ముక్కలను గ్లాసు నీళ్లలో వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున తీసి బొటనవేలితో నలపండి. నీళ్లు తేటగా ఉండి, ముక్క గట్టిగా ఉంటే అది బాగా కాలిన ఇటుక. ముక్క వేళ్ల మధ్య జావలా అయితే, నీళ్లు ఎర్రగా తిరిగితే, పచ్చి ఇటుక. అది ఒక వానకే కుండీలో బురదవుతుంది. నేను తెచ్చిన మొదటి బస్తా ఇలాగే పోయింది. బట్టీలో పై వరసలో మంట సరిగా తగలని ఇటుకలు అవి. రంగు చూసి మోసపోయాను.

జల్లించడం రెండుసార్లు. ముందు పెద్ద కళ్ల జాలిలో జల్లిస్తే పెద్ద ముక్కలు ఆగుతాయి, వాటిని మళ్లీ కొట్టొచ్చు. కింద పడినదాన్ని బియ్యం జల్లెడలో వేసి పొడిని వదిలించాలి. ఈ పొడిని పారేయడానికి మనసొప్పదు, కానీ పారేయాలి. సందులను పూడ్చేది ఇదే. మిర్యాలగూడ వైపు వాళ్లకు రైస్ మిల్లుల నుంచి ఊక బూడిద ఊరికే దొరుకుతుంది. ఇదే కారణంతో దాన్నీ బోన్సాయ్ పళ్లెంలో వేయకండి, కూరగాయల మడికి వేసుకోండి.

కావాల్సిన సామాను

పదునైన కత్తెర ఒకటి, వేర్ల కోసం విడిగా. డెట్టాల్‌తోనో స్పిరిట్‌తోనో తుడిచి పెట్టుకోండి. వేర్లు దువ్వడానికి హుక్కు కొనక్కర్లేదు, పాత ఫోర్కు పళ్లను చివర కాస్త వంచితే చాలు. నూడుల్స్ బండి దగ్గర ఇచ్చే చెక్క పుల్ల ఒకటి. రంధ్రాలకు ప్లాస్టిక్ జాలీ, దోమల జాలీ కన్నా పెద్ద కళ్లున్నది. మెత్తటి అల్యూమినియం తీగ, కటింగ్ ప్లేయర్, నీళ్లు చిమ్మే స్ప్రే సీసా, ఒక టబ్బు. సైకిల్ ట్యూబ్ ముక్క కూడా పక్కన పెట్టుకోండి. అది దేనికో తర్వాత చెబుతాను.

కుండీ పొడవు చెట్టు ఎత్తులో మూడింట రెండొంతులు, లోతు మొదలు లావుకు దాదాపు సమానం అనేది పాత లెక్క. మన ఎండలకు నేను లోతు ఇంకొంచెం ఎక్కువే తీసుకుంటాను. అందం కాస్త తగ్గినా, మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని చెట్టు గురించి టెన్షన్ పడక్కర్లేదు. కుమ్మరి దగ్గర చేయించుకుంటే, పచ్చిగా ఉన్నప్పుడే అడుగున రెండు పెద్ద రంధ్రాలు, తీగ కోసం నాలుగు చిన్న రంధ్రాలు పెట్టమని చెప్పండి.

ఆ రోజు

మబ్బు పట్టిన రోజో, సాయంత్రం నాలుగు తర్వాతో మొదలుపెట్టండి. నీడలో, గాలి తగలని చోట కూర్చోండి. వేర్లు గాలికి ఆరితే పిల్లవేర్లు నిమిషాల్లో చచ్చిపోతాయి. కాబట్టి కుండీ, మట్టి అన్నీ సిద్ధమయ్యాకే చెట్టును బయటికి తీయాలి.

1. ముందు కుండీ. రంధ్రాల మీద జాలీ ముక్క పరిచి, తీగను యూ ఆకారంలో వంచి కింది నుంచి బిగించండి, లేకపోతే మట్టి పోసేటప్పుడు జాలీ జరిగిపోతుంది. ఇంకో పొడవైన తీగను అడుగు నుంచి దూర్చి రెండు కొసలు పైకి వదలండి. చెట్టును కట్టేది దీంతోనే.

2. అడుగున కొంచెం మట్టి పోసి, చెట్టు కూర్చునే చోట చిన్న గుట్టలా చేయండి. ఇది చిన్న పనే కానీ చాలామంది మర్చిపోతారు. గుట్ట మీద చెట్టును పెట్టి అటూ ఇటూ తిప్పుతూ నొక్కితే, వేరు ముద్ద కింద ఖాళీ మిగలదు.

3. చెట్టును తీసి, ఫోర్కుతో బయటి నుంచి లోపలికి కాదు, మొదలు నుంచి బయటికి దువ్వండి. జడ చిక్కు తీసినట్టే. ముందు చివర్లు విప్పి, తర్వాత కొంచెం కొంచెంగా లోపలికి పోవాలి. బలంగా లాగొద్దు. రెండు నిమిషాలకోసారి నీళ్లు చిమ్ముతూ ఉండండి.

మంచి వేరు కొస తెల్లగా, లేదా లేత గోధుమ రంగులో ఉంటుంది. తొలకరి వాన వాసన వస్తుంది. కుళ్లిన వేరు నల్లగా, మురుగు వాసనతో ఉంటుంది. వేళ్లతో పట్టి లాగితే నానబెట్టిన బాదం పొట్టులా తోలు జారి, లోపల దారం మిగులుతుంది. అలాంటివి మొత్తం తీసేయండి. నర్సరీ మొక్కల్లో నడుమ గట్టి నల్లమట్టి ఉండ కూడా దొరుకుతుంది. చుట్టూ ఉన్న మట్టి తడిగా ఉన్నా అది ఎండే ఉంటుంది, నీళ్లు లోపలికి పోవు. దాన్ని చెక్క పుల్లతో పొడుస్తూ, సగం ఇప్పుడు, సగం వచ్చేసారికి తీయండి. మొత్తం ఒకేసారి కడిగేద్దామనిపిస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకు అది వద్దు.

4. ఇప్పుడు కత్తెర. దువ్వి వేలాడేసిన వేర్లలో మూడో వంతు మించి కోయకండి. ఫైకస్ ఇంతకన్నా ఎక్కువే తట్టుకుంటుంది, కానీ మన చేతికి ఇంకా అనుభవం లేదు కదా. ఏది కోయాలి? నిట్టనిలువుగా కిందికి పోయే లావు వేరు, గుండ్రంగా తిరిగినది, పక్క వేరు మీదుగా అడ్డంగా పోయేది. ఏది ఉంచాలి? మొదలు చుట్టూ నలువైపులా పరుచుకున్న పక్క వేర్లు, వాటికున్న పిల్లవేర్లు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూసినవాళ్లకు నేనేం చెబుతున్నానో అర్థమవుతుంది. మూడెకరాలకు పైగా పరుచుకున్న ఆ మర్రికి బలమంతా పక్కలకే. దానికి చెదలు పట్టి, 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. మన పళ్లెంలో మర్రికి ఆ స్థితి రాకుండా చూసుకోవడానికే ఈ పని అంతా.

ఫైకస్ కోస్తే పాలు కారతాయి. భయపడొద్దు, నీళ్లు చిమ్మితే ఆగుతాయి. ఆ చేత్తో కళ్లు మాత్రం తుడుచుకోకండి.

5. చెట్టును గుట్ట మీద పెట్టండి. సరిగ్గా నడుమ కాకుండా, పొడవు వైపు కాస్త పక్కకు, వెనక్కి జరిపితే చూపుకు బాగుంటుంది. మొదలు దగ్గర వేర్లు పైకి కనిపించేంత ఎత్తు ఉంచండి. తర్వాత తీగ కొసలను వేరు ముద్ద మీదుగా తెచ్చి ప్లేయర్‌తో మెలి తిప్పండి. తీగ వేరును కోయకుండా మధ్యలో పెట్టడానికే ఆ సైకిల్ ట్యూబ్ ముక్క. కుండీని పట్టుకుని కాస్త ఊపితే చెట్టు, కుండీ ఒకటిగా కదలాలి. విడిగా చెట్టు ఊగిందంటే ఇంకో మెలి వేయండి. గాలికి చెట్టు ఊగిన ప్రతిసారీ అప్పుడే పుట్టిన వేరు కొస తెగుతుంది. తీగ కట్టకుండా వదిలేసి, చెట్టు ఎందుకు తేరుకోవట్లేదని నెల రోజులు బెంగపడ్డ మనిషిని నేను.

6. మట్టి పోస్తూ చెక్క పుల్లతో నెమ్మదిగా పొడవండి, వేర్ల సందుల్లోకి గింజలు దిగాలి. పుల్ల ఒకచోట సులువుగా దిగిపోతే అక్కడ బోలు ఉన్నట్టు, ఇంకొంచెం మట్టి పోయండి. అరచేత్తో అదిమి గట్టిపరచొద్దు. పై అంచు నుంచి అర అంగుళం ఖాళీ వదలండి, లేకపోతే నీళ్లతో పాటు మట్టీ కొట్టుకుపోతుంది.

7. టబ్బులో కుండీ అంచు దాకా నీళ్లు నింపి, కుండీని మెల్లగా దింపండి. బుడగలు ఆగేదాకా ఉంచి తీయండి. మొదట ఇటుక పొడితో ఎర్రటి నీళ్లు వస్తాయి. తేట నీళ్లు వచ్చేదాకా సన్నటి ధారతో పై నుంచి పోయండి.

ఆ తర్వాత మూడు వారాలు

నీడ, గాలి తగలని చోటు, ఓపిక. డాబా మీదైతే గ్రీన్ నెట్ కింద, స్లాబు మీద నేరుగా కాకుండా ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి. ఆకులకు రోజుకు రెండుసార్లు నీళ్లు చిమ్మండి. మట్టికి మాత్రం అవసరమైతేనే. వేర్లు తగ్గాయి కాబట్టి చెట్టు తాగేదీ తగ్గుతుంది. కుండీ మార్చాక ఎండి చచ్చేవాటి కన్నా, జాలిపడి రోజుకు మూడుసార్లు పోసిన నీళ్లకు కుళ్లేవే ఎక్కువ. పుల్లను మట్టిలో గుచ్చి పది నిమిషాల తర్వాత తీసి చూడండి. చివర తడిగా, ముదురు రంగులో ఉంటే ఆ పూట వద్దు.

నీళ్ల గురించి ఇంకో మాట. మన బోర్ల నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర అదే. వాన నీళ్లు పట్టుకుంటే అంతకన్నా మంచిది లేదు. భగీరథ నల్లా నీళ్లయితే రాత్రి బకెట్‌లో పట్టి పొద్దున పోయండి. ఫిల్టర్ మిషన్ వదిలేసే నీళ్లు మాత్రం బోన్సాయ్‌కి వద్దు. వృథా అవుతున్నాయని మనసు పీకుతుంది, కానీ ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. అవి బండి కడుక్కోవడానికి ఉంచండి.

మొదటి వారం ఫైకస్ కొన్ని ఆకులు పసుపు చేసి రాలుస్తుంది. ఇది మామూలే. సగానికి పైగా రాలితే కొమ్మను గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికే ఉంది. అలా చూడటానికి చెట్టును పైకి లాగి వేర్లు వచ్చాయా అని చూడకండి. నేను ఆ పనీ చేశాను. రెండు, మూడు వారాలకు కొమ్మ చివర కొత్త ఆకు సూదిలా పొడుచుకొస్తుంది. అప్పటి నుంచి పొద్దుటి ఎండ ఒక గంట, మరో వారానికి రెండు గంటలు, అలా పాత చోటికి చేర్చండి. ఎరువు, డీఏపీ గుళికలు, వేపపిండి ఏదైనా సరే, నెలన్నర దాకా ముట్టుకోవద్దు. కొమ్మలు వంచి తీగ చుట్టడం, గట్టిగా కత్తిరించడం కూడా ఆ తర్వాతే.

చెట్టు చెట్టుకూ తేడా

కాగితం పూల చెట్టుకు పైన ముళ్లు, కింద వేర్లు మాత్రం పెళుసు. దువ్వకండి, చుట్టూ కొంచెం తీసి కొత్త మట్టి నింపండి చాలు. పూలు రాలిపోయాకే చేయండి.

జేడ్, అడీనియం వేర్లు కోసిన తర్వాత కత్తి గాటు ఆరాలి. జేడ్‌కు ఐదారు రోజులు, అడీనియంకు దాదాపు వారం నీళ్లు పోయొద్దు. వీటికి ముసురు పట్టిన జూలై పనికిరాదు, ఫిబ్రవరి చివర, మార్చి మంచిది. పైన చెప్పిన టబ్బు స్నానం వీటికి వర్తించదు.

గోడ పగుళ్లలో మొలిచిన రావిని పీకి తెచ్చేవాళ్లున్నారు. అది పెద్ద కుండీలో ఏడాది గడిపి వేర్లు పెట్టుకున్నాకే పళ్లెంలోకి మార్చండి. రావిని ఇంట్లో పెంచొద్దని పెద్దవాళ్లు పట్టుబడితే జువ్వి పెంచండి, అది ఇంకా మొండిది. చింతకు తల్లివేరు బలంగా దిగుతుంది, దాన్ని ఒకేసారి కాకుండా రెండు మూడు సీజన్లలో పొట్టి చేయాలి. జునిపర్ అని చలి ప్రాంతాల చెట్టు ఒకటుంది, అందంగా ఉంటుంది, ఫొటోల్లో. మన మే నెలలో దాన్ని బతికించడం కష్టం. మొదటి చెట్టుగా కొనకండి.

పని అయ్యాక కుండీ అడుగున మార్కర్‌తో తేదీ రాసుకోండి. రెండేళ్ల తర్వాత ఎప్పుడు మార్చామో ఎవరికీ గుర్తుండదు. కోతులు పడేసిన ఆ జువ్వి ఇప్పుడు కొత్త కుండీలో ఉంది. దాని కింద మూడు తేదీలున్నాయి, మూడూ జూన్‌వే.